హైదరాబాద్ – శ్రీశైలం రహదారి: తరచుగా అడిగే ప్రశ్నలు

శివరాత్రి దగ్గర పడినప్పుడు, శ్రావణ భాద్రపదాల్లో శ్రీశైలం గేట్లు ఎత్తారన్న వార్త వచ్చినప్పుడు, ఈ దారి గురించి నన్ను అడిగేవారి సంఖ్య ఒక్కసారిగా పెరుగుతుంది. అడిగేవారు మారుతున్నా సందేహాలు మాత్రం అవే. చాలా ఏళ్లుగా ఈ రోడ్డు మీద అన్ని కాలాల్లోనూ తిరిగినవాడిగా వాటికి జవాబులు ఒకచోట చేర్చాను. ప్రయాణం సాగే వరుసలోనే ప్రశ్నలను అమర్చాను కనుక మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## బయలుదేరే ముందు

ఇది రాష్ట్ర రహదారా, జాతీయ రహదారా?

చాలా కాలం రోడ్లు భవనాల శాఖ చూసుకున్న రాష్ట్ర రహదారే. తరువాత జాతీయ రహదారి హోదా వచ్చి, 765 అనే సంఖ్య వచ్చింది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం మీదుగా సాగి, దోర్నాల దగ్గర తోకపల్లె వద్ద 565వ జాతీయ రహదారిలో కలుస్తుంది. కిలోమీటరు రాయి తల పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ రంగులో ఉంటే రాష్ట్ర రహదారి అని గుర్తు. జాతీయ రహదారి అనగానే విజయవాడ రోడ్డులాంటి నాలుగు వరుసల దారిని ఊహించుకోవద్దు. నగర శివార్లు దాటాక ఇది ఎదురూ బొదురూ బండ్లు నడిచే రెండు వరుసల పల్లె రోడ్డే. ఊళ్లలో ఎవరినైనా దారి అడగాలంటే సంఖ్య చెప్పకండి, ‘శ్రీశైలం రోడ్డు’ అంటేనే తెలుస్తుంది.

మొత్తం ఎంత దూరం, ఎన్ని గంటలు పడుతుంది?

నగరంలో మీరు ఎక్కడి నుంచి బయలుదేరుతారన్న దాన్ని బట్టి 210 నుంచి 230 కిలోమీటర్లు. కారులో ఐదారు గంటలు పెట్టుకోవాలి. దూరం చూసి నాలుగు గంటల్లో చేరతామని లెక్క వేసుకునేవారు చివరి 60–70 కిలోమీటర్లను మరిచిపోతారు. మన్ననూరు దాటాక అడవి, ఆ తరువాత ఘాట్ రోడ్డు. ఆ భాగానికే రెండు గంటలు పడుతుంది, పట్టాలి కూడా.

దారి ఏయే ఊళ్ల మీదుగా వెళ్తుంది?

చాంద్రాయణగుట్ట, పహాడీ షరీఫ్ దాటి తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగు రోడ్డు కిందుగా బయటపడుతుంది. అక్కడి నుంచి కందుకూరు, కడ్తాల్, ఆమనగల్లు, వెల్దండ, కల్వకుర్తి ప్రాంతం, డిండి, హాజీపూర్, మన్ననూరు వస్తాయి. అడవిలోకి ప్రవేశించాక ఫర్హాబాద్, వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట. కృష్ణ దాటితే లింగాలగట్టు, సున్నిపెంట, ఆపైన శ్రీశైలం. రంగారెడ్డి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో సాగే ఈ దారి మధ్యలో డిండి దగ్గర నల్లగొండ జిల్లా మూలను తాకి, తిరిగి నాగర్‌కర్నూల్‌లో ప్రవేశిస్తుంది. నది అవతల నంద్యాల జిల్లా. 2022 ఏప్రిల్‌లో ఆ జిల్లా ఏర్పడక ముందు శ్రీశైలం కర్నూలు జిల్లాలో ఉండేది.

రాత్రి భోజనం చేసి బయలుదేరి తెల్లవారేసరికి శ్రీశైలం చేరుకోవచ్చా?

చేరుకోలేరు. అందరికన్నా ఎక్కువ మంది అడిగేది ఇదే, తెలియక ఎక్కువ మంది ఇబ్బంది పడేదీ ఇక్కడే. రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ గుండా వాహనాల రాకపోకలను అటవీ శాఖ నిలిపివేస్తుంది. ఇటు మన్ననూరు వద్ద, అటు దోమలపెంట వద్ద గేట్లు మూసి ఉంటాయి. రాత్రివేళ బండి దీపాల వెలుగు కళ్లలో పడిన జంతువు కదలకుండా నిలబడిపోతుంది. ఆ క్షణంలో దుప్పి, ఎలుగుబంటి, చిరుత అన్న తేడా ఉండదు, ఏది నిలబడితే అది పోతుంది. నల్లమలలో రాత్రి అంటే జంతువులు నీటికీ మేతకూ రోడ్డు దాటే వేళ. మూసివేతకు కారణం అదే.

ఒక డిసెంబరులో నేను ఆమనగల్లులో చాయ్ దగ్గర కబుర్లతో ఆలస్యం చేసి, 9 దాటిన పది నిమిషాలకు మన్ననూరు చేరాను. గేటు పడిపోయింది. గార్డు మర్యాదగానే వెనక్కి వెళ్లమన్నాడు. అచ్చంపేటకు తిరిగి వచ్చి గది వెతుక్కుని, తెల్లవారి బయలుదేరవలసి వచ్చింది. తప్పు పూర్తిగా నాదే. మీరు సాయంత్రం ప్రయాణం పెట్టుకుంటే 7 గంటలకల్లా మన్ననూరు దాటేటట్టు చూసుకోండి. అలా వీలుకాకపోతే తెల్లవారుజామున 3 గంటల ప్రాంతంలో నగరం విడిచి, 6 గంటలకు గేటు తెరిచే సమయానికి అక్కడ ఉండటం మంచి పద్ధతి.

శివరాత్రికైనా రాత్రిపూట వదులుతారా?

మహాశివరాత్రి బ్రహ్మోత్సవాల రోజుల్లో రాత్రి ప్రయాణానికి సడలింపు ఇచ్చే ఆనవాయితీ ఉంది. కానీ అది ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏయే వాహనాలకు అన్నది ఏటా అటవీ శాఖ ప్రకటన బట్టి ఉంటుంది. నిరుడు వదిలారు కదా అని ఈ ఏడు ధీమాగా బయలుదేరవద్దు. ఆ రోజుల్లో రోడ్డు అంచున మాలధారులు కాలినడకన గుంపులుగా వెళ్తుంటారు, చీకట్లో నల్లని తారు పక్కన వారి నీడ కూడా కనిపించదు. బండి నడిపేవారు వేగం సగానికి తగ్గించాలి. నడిచేవారు వీపు మీది సంచికి మెరిసే పట్టీ ఒకటి కుట్టుకుంటే ప్రాణానికి రక్ష.

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

ఆగస్టు నుంచి డిసెంబరు వరకు అడవి పచ్చగా, వాగులు నిండుగా ఉంటాయి. ఫిబ్రవరి వచ్చేసరికి ఆకు రాలి, చెట్ల మధ్య నుంచి చాలా దూరం కనిపిస్తుంది. అది అందం లేని కాలం అంటారు కానీ, మోడువారిన అడవిలో మోదుగ పూసినప్పుడు చూసినవారు ఆ మాట అనరు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ప్రయాణం మానుకోవడం మేలు.

సొంత బండి లేదు. బస్సులో వెళ్లవచ్చా?

నిశ్చింతగా వెళ్లవచ్చు. హైదరాబాద్‌లోని జూబ్లీ బస్ స్టేషన్, మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌ల నుంచి ఆర్టీసీ బస్సులు నడుస్తాయి. అడవి గేటు వేళలకు సరిపడేటట్టే వాటి సమయాలు ఉంటాయి. ఘాట్ రోడ్డు కొత్తవారికి, కొత్తగా బండి నేర్చుకున్నవారికి నేను మొదటిసారి బస్సులోనే వెళ్లమని చెబుతాను. మలుపులు చూసి వస్తే మలిసారి సొంత బండి నడపడం తేలిక.

## తుక్కుగూడ నుంచి మన్ననూరు వరకు

రెండు వరుసల రోడ్డు మీద ముందున్న బండిని ఎక్కడ దాటవచ్చు?

రెండు వరుసల రోడ్డుకు తారు భాగం మామూలుగా 7 మీటర్ల వెడల్పు. లారీ ఒక్కటే రెండున్నర మీటర్లు ఆక్రమిస్తుంది కనుక, దాన్ని దాటుతున్నంతసేపూ మీరు ఎదురు బండి దారిలో ఉన్నట్టే. మధ్య గీత తెగి తెగి ఉన్నచోట, ఎదుట ఖాళీ స్పష్టంగా కనిపిస్తేనే దాటాలి. గీత తెగకుండా సాగినచోట, ఎత్తుపల్లాల శిఖరం మీద, కల్వర్టు దగ్గర, ఊరి మొదట్లో దాటకూడదు.

కల్వకుర్తి ప్రాంతంలో నవంబరు నుంచి సంక్రాంతి వరకు పత్తి కాలం. ట్రాక్టరు ట్రాలీ పక్కలు దాటి ఉబ్బిన పత్తి బోరాలు, వెనుక దీపం లేని బండి, సాయంత్రం మసక వెలుతురు, ఈ మూడూ ఒకచోట కూడినప్పుడు పెద్ద ప్రమాదాలే జరుగుతాయి. వరి కోతల సమయంలో రోడ్డు అంచున వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు. కుప్ప తీశాక రాళ్లను అక్కడే వదిలేసేవారూ ఉన్నారు. ద్విచక్ర వాహనం మీద వెళ్లేవారికి ఆ రాళ్లు చీకట్లో కనిపించవు. చీకటి పడ్డాక ఈ భాగంలో రోడ్డు అంచుకు దిగి నడపవద్దు.

పెట్రోలు, భోజనం చివరిగా ఎక్కడ చూసుకోవాలి?

డిండి దాటేలోపు ట్యాంకు నింపుకోండి. అడవి దాటి అవతల సున్నిపెంట చేరేదాకా ఇంధనం మీద ఆలోచన పెట్టుకోనవసరం లేకుండా ఉండాలి. భోజనానికి ఆమనగల్లు, డిండి వైపు హోటళ్లు ఉన్నాయి. మన్ననూరులో టిఫిను, చాయ్ దొరుకుతాయి.

మన్ననూరు చేరేలోపు ఆగి చూడదగినవి ఏమైనా ఉన్నాయా?

డిండి వద్ద నిజాం కాలంలో కట్టిన జలాశయం ఉంది. వానలు బాగా పడిన ఏడు అలుగు దూకుతుంటే చూడటానికి చుట్టుపక్కల ఊళ్ల జనం వస్తారు. నా మాట వింటే మాత్రం మన్ననూరుకు ముందే పక్కకు తిరిగి, రంగాపూర్ మీదుగా ఉమామహేశ్వరం వెళ్లి రండి. కొండ నిలువు గోడకు ఆనుకుని ఆలయం ఉంటుంది. శ్రీశైలానికి తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం ఎలా ద్వారాలో, ఉత్తరాన ఈ ఉమామహేశ్వరం అలాంటి ద్వారం. శ్రీశైలం వెళ్తూ ఉత్తర ద్వారాన్ని చూడకుండా వంద సార్లు పక్కనుంచి వెళ్లిపోయినవారు నాకు తెలుసు.

## అడవిలో

మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర ఏం అడుగుతారు?

బండి సంఖ్య నమోదు చేసుకుని, పర్యావరణ రుసుము కింద కొద్ది మొత్తం వసూలు చేస్తారు. మద్యం సీసాలు, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు ఉన్నాయేమో చూడవచ్చు. ఉదయం 6 గంటలకు ముందు అక్కడ ఒకసారి నిలబడి చూడండి. లారీలు, జీపులు, కుటుంబాలతో నిండిన కార్లు వరుసగా నిలిచి ఉంటాయి. దిగినవారు దుప్పట్లు కప్పుకుని చాయ్ గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని ఉంటారు. గేటు కర్ర లేవగానే అందరూ ఒకేసారి ఇంజన్లు మోగిస్తారు. ఆ తొందర అక్కడికక్కడే వదిలేయండి. గేటు తెరిచిన మొదటి అరగంటలోనే జంతువులు ఇంకా రోడ్డు మీద ఉండే అవకాశం ఎక్కువ.

రోడ్డు బాగానే ఉంది కదా, అడవిలో 30–40 వేగంతోనే ఎందుకు వెళ్లాలి?

రోడ్డు బాగుండటమే అసలు చిక్కు. గుంతల రోడ్డు మీద బండి దానంతటదే నెమ్మదిస్తుంది, నున్నని తారు మీద నెమ్మదించాల్సింది మనమే. 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. పొద మాటు నుంచి దుప్పి బయటికి దూకి, మీ కాలు బ్రేకు మీదికి చేరేలోపే అంత దూరమూ అయిపోతుంది. ఒక దుప్పి దాటితే వెంట ఇంకొకటి ఉంటుందని అనుకోవాలి. మంద తల్లి ముందు దాటుతుంది, పిల్ల వెనుక ఆగి చూస్తుంది. మొదటిది పోయిందని బండి ముందుకు దూకిస్తే తగిలేది పిల్లకే.

కోతులకు అరటిపండు పెడితే పుణ్యమే కదా?

కాదు. ఈ ఒక్క అలవాటు మానుకోమని నేను చేతులు జోడించి అడుగుతున్నాను. తీర్థయాత్రకు వెళ్లేవారు భక్తితోనే పెడతారు, అందులో అనుమానం లేదు. కానీ అడవిలో తునికి పండు, ఇప్ప పువ్వు, లేత చిగురు వెతుక్కుని బతికే కోతి, కారు అద్దం దిగే చప్పుడుకు రోడ్డు మీదికి పరుగెత్తడం నేర్చుకుంటుంది. కారులో నుంచి విసిరిన బిస్కట్టు ముక్క రోడ్డు మధ్యలో పడుతుంది. దాన్ని అందుకోవడానికి వచ్చిన కోతి వెనుక వచ్చే బండి కింద పడుతుంది. వటవర్లపల్లికి ఇవతల ఒక మలుపు దగ్గర నేను స్వయంగా చూశాను. తల్లి కోతి చచ్చి పడి ఉంది, దాని పొట్టను పట్టుకుని పిల్ల ఇంకా వేలాడుతూనే ఉంది. పక్కన సగం ఒలిచిన అరటిపండు ఉంది. పెట్టినవారు అప్పటికే దోమలపెంట దాటి ఉంటారు, తాము చేసింది వారికి ఎన్నటికీ తెలియదు.

కోతులకు తిండి పెట్టడాన్ని అటవీ శాఖ నిషేధించింది, పట్టుబడితే జరిమానా వేస్తారు. తెచ్చిన పండ్లు ఉంటే శ్రీశైలంలో అన్నదానానికి ఇవ్వండి.

దారిలో ఆగి వంట చేసుకోవచ్చా?

చేసుకోకూడదు. జనవరి నుంచి మే వరకు నేలంతా ఎండుటాకు పరుచుకుని ఉంటుంది. ఆర్పకుండా విసిరిన బీడీ ముక్క చాలు, గుట్ట మొత్తం కాలిపోవడానికి. ఆగవలసి వస్తే ఊళ్ల దగ్గరే ఆగండి.

పులి కనిపిస్తుందా?

రోడ్డు మీద పగటిపూట పులి కనిపించడం చాలా అరుదు. దుప్పులు, కోతులు, నెమళ్లు, అడవి పందులు కనిపించవచ్చు. ఈ అడవి 1978లో అభయారణ్యమై, 1983లో నాగార్జునసాగర్ – శ్రీశైలం టైగర్ రిజర్వ్‌లో చేరింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది, విస్తీర్ణం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. పులిని చూడాలన్న కోరిక ఉంటే అటవీ శాఖ నడిపే సఫారీలో వెళ్లండి. రోడ్డు పక్కన బండి ఆపి పొదల్లోకి నడవడం చట్టరీత్యా తప్పు, ప్రాణానికీ ముప్పు.

దోమలపెంట, ఈగలపెంట, సున్నిపెంట: ఊళ్లకు ఈ పేర్లేమిటి?

పిల్లలు ఈ బోర్డులు చదివి నవ్వుతారు, పెద్దలు సరిదిద్దరు. మైదాన ప్రాంతంలో పెంట అంటే చెత్తకుప్ప, పేడకుప్ప. నల్లమలలో పెంట అంటే చెంచుల గూడెం, పది పదిహేను గుడిసెలున్న ఆవాసం. అడవి లోపల ఇంకా ఎన్నో పెంటలున్నాయి, వాటిలో కొన్నింటికి నేటికీ సరైన రోడ్డు లేదు. దోమలపెంట, ఈగలపెంటల దగ్గర ప్రాజెక్టు పనులు, కాలనీలు వచ్చి అవి ఊళ్లయినా, పేరులో మాత్రం పాత పెంట నిలిచింది. మనకన్నా ముందు ఈ కొండల్లో ఎవరి కాలిబాటలు ఉండేవో చెప్పే గుర్తులు ఆ బోర్డులే. పిల్లలు నవ్వితే ఈ మాట చెప్పండి.

మల్లెలతీర్థం, సలేశ్వరం ఈ దారిలోనే ఉన్నాయా?

మల్లెలతీర్థానికి వటవర్లపల్లి దగ్గర పక్కకు తిరగాలి. అక్కడి నుంచి సుమారు 8 కిలోమీటర్లు వెళ్లి, 350 దాకా మెట్లు దిగితే జలపాతం. వేసవిలో ధార సన్నబడుతుంది. దిగడం తేలిక, మోకాళ్ల నొప్పులున్నవారు ఎక్కడాన్ని ముందే ఆలోచించుకోవాలి. సలేశ్వరం సంగతి వేరు. ఫర్హాబాద్ వైపు నుంచి దట్టమైన అడవిలోకి వెళ్లే ఆ దారి ఏడాదికి ఒక్కసారి, చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లోనే తెరుస్తారు. అక్కడి పూజారులు చెంచులు. మిగతా రోజుల్లో వెళ్లడానికి అనుమతి ఉండదు.

అడవి మధ్యలో బండి ఆగిపోతే ఏం చేయాలి?

ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. బండిని వీలైనంత అంచుకు తోసి, ప్రమాద దీపాలు వేసి, పిల్లలను బండిలోనే ఉంచి, దాటే ఆర్టీసీ బస్సును ఆపండి. డ్రైవరు ద్వారా చెక్‌పోస్టుకు కబురు పంపడమే అన్నింటికన్నా త్వరగా పని చేసే మార్గం. సిగ్నల్ ఉన్నచోట అంబులెన్సుకు 108, జాతీయ రహదారి సహాయానికి 1033. చెట్టు కొమ్మలు విరిచి రోడ్డు మీద గుర్తుగా పెట్టినవారు వెళ్లేటప్పుడు వాటిని తీసివేయాలి.

ఇంత రద్దీ ఉన్నా నాలుగు వరుసలు ఎందుకు చేయడం లేదు?

మైదానంలో వెడల్పు చేయడానికి భూమి సేకరిస్తే చాలు. మన్ననూరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా ఉన్నది టైగర్ రిజర్వ్. అక్కడ ఒక్క మీటరు వెడల్పు పెంచాలన్నా అటవీ, వన్యప్రాణి అనుమతులు కావాలి. అందుకే ఆ భాగంలో అడవి మీదుగా, కింద జంతువులు తిరిగేటట్టు స్తంభాలపై దారి నిర్మించాలన్న ప్రతిపాదన ముందుకు వచ్చింది. నా దృష్టిలో నేల మీది రోడ్డును వెడల్పు చేయడం కన్నా అదే నయం. వెడల్పు పెరిగితే వేగం పెరుగుతుంది, దాటవలసిన దూరం పెరిగిన దుప్పికి గడువు తగ్గుతుంది.

## ఘాట్, ఆనకట్ట

ఘాట్ రోడ్డు మీద మొదటిసారి నడుపుతున్నాను. ఏం గుర్తుంచుకోవాలి?

ఈగలపెంట నుంచి కృష్ణ ఒడ్డుకు దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కవచ్చో ఆ గేరులోనే దిగాలి. న్యూట్రల్‌లో వదిలి బ్రేకుల మీదే దిగితే నాలుగైదు మలుపులకు బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోతాయి, కాలిన వాసన వస్తుంది. ఆ వాసన వస్తే వెడల్పు ఉన్నచోట ఆపి, పావుగంట చల్లారనివ్వండి, నీళ్లు మాత్రం పోయకండి. ఇరుకు ఎత్తులో ఎదురుపడినప్పుడు దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారి ఇవ్వాలని నిబంధన. అవతల కనిపించని మలుపు దగ్గర ఒక్కసారి పొట్టిగా హారన్ కొట్టండి. వాంతుల భయం ఉన్నవారు ముందు సీట్లో కూర్చుని దూరంగా చూస్తే కొంత ఉపశమనం.

గేట్లు ఎత్తినప్పుడు దారి మీదుగానే చూడవచ్చా?

చూడవచ్చు, ఈ రోడ్డు ఇచ్చే పెద్ద కానుక అదే. ఆనకట్టకు దిగువన వంతెన మీదుగా నది దాటుతారు, 12 గేట్లూ ఎదురుగా కనిపిస్తాయి. జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. మట్టం దానికి చేరువై, పై నుంచి వరద వస్తుంటే గేట్లు తెరుస్తారు. అప్పుడు లేచే నీటి తుంపర రోడ్డు మీదికి వచ్చి, అద్దం తుడవకుండా ముందుకు పోలేని పరిస్థితి.

అయితే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో శని, ఆదివారాలు బండ్లు కిలోమీటర్ల కొద్దీ బారులు తీరుతాయి. ఫోటో కోసం మలుపులో బండి ఆపే ఒక్కరి వల్ల వెనుక వందలమంది, వారిలో ప్రసవానికో ఆస్పత్రికో వెళ్లేవారు కూడా, గంటల తరబడి నిలిచిపోతారు. వారం మధ్యలో, ఉదయం 10 లోపు వెళ్లండి. లింగాలగట్టు దగ్గర వేయించిన చేపల దుకాణాలుంటాయి, బండిని రోడ్డు దించి నిలిపాకే అటు నడవండి.

రాష్ట్ర సరిహద్దు ఎక్కడ?

కృష్ణా నదే సరిహద్దు. ఈగలపెంట వైపు తెలంగాణ, లింగాలగట్టు వైపు ఆంధ్రప్రదేశ్. ఎడమగట్టున 900 మెగావాట్ల భూగర్భ జలవిద్యుత్ కేంద్రం తెలంగాణది, కుడిగట్టున 770 మెగావాట్ల కేంద్రం ఆంధ్రప్రదేశ్‌ది. అద్దె కారులో వెళ్లేవారు అవతలి రాష్ట్ర పర్మిట్ సంగతి యజమానిని ముందే అడగాలి.

## తిరుగు ప్రయాణం

తిరిగి రావడానికి శ్రీశైలంలో ఎన్నింటికి బయలుదేరాలి?

సాయంత్రం 5 గంటలు దాటనివ్వకండి. సాయంత్రం హారతి చూసి బయలుదేరితే చీకట్లో ఘాట్ దిగి, మళ్లీ ఎక్కి, దోమలపెంట గేటు మూసేలోపు చేరాలన్న ఆత్రంలో మలుపులు వేగంగా తిప్పుతారు. హారతి తప్పక చూడాలనుకుంటే ఆ రాత్రి శ్రీశైలంలోనే ఉండి, ఉదయం బయలుదేరడం మంచిది.

విజయవాడ, కర్నూలు వైపు వెళ్లాలంటే ఇదే రోడ్డా?

శ్రీశైలం నుంచి ఇదే రహదారి దోర్నాల వైపు సాగుతుంది. సాక్షి గణపతి, హటకేశ్వరం, శిఖరేశ్వరం ఆ దారిలోనే వస్తాయి. దోర్నాల నుంచి వినుకొండ, గుంటూరు మీదుగా విజయవాడ, ఆత్మకూరు మీదుగా కర్నూలు వెళ్లవచ్చు. శ్రీశైలం – దోర్నాల, దోర్నాల – ఆత్మకూరు రెండు భాగాలూ అడవే, అక్కడ కూడా రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు గేట్లు మూస్తారు. కర్నూలు వెళ్లేవారు రెండు అడవి ముక్కలూ వెలుతురులోనే దాటేటట్టు మధ్యాహ్నం 3 గంటల లోపు శ్రీశైలం విడవాలి. శిఖరేశ్వరం దగ్గర ఆగి ఆలయ శిఖరం చూసుకోవడానికి అరగంట అదనంగా పెట్టుకోండి.